ధర్మశాస్త్రం కింద లేకపోతే పాపాన్ని దేనితో తేల్చాలి?

#1 గాజువాక_సండేస్కూల్

అందరికీ వందనాలు. మా సంఘంలో యువతకు వచ్చే నెల నుంచి రోమా పత్రిక (రోమా సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన లేఖ) పాఠాలు మొదలవుతున్నాయి. పాఠం మొదలవకముందే పిల్లలు నిలదీస్తున్న ప్రశ్నలివి.

రోమా 6:14 మనం కృపకే గాని ధర్మశాస్త్రానికి, అంటే మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలకు, లోనైనవాళ్లం కాదంటోంది. 1 యోహాను 3:4 "ఆజ్ఞాతిక్రమమే పాపము" అంటోంది. ఆజ్ఞే మన మీద లేనప్పుడు అతిక్రమించడానికి ఏముంటుంది? ఇంకొకటి, సీనాయి కొండకు ముందు రాతపలకలు లేవు కదా, మరి తమ్ముణ్ణి చంపిన కయీను చేసింది ఏ లెక్కన పాపం?

వచనాలతో సహా చెప్పగలిగినవాళ్లు రాయండి. "కృప ఉంది, భయం లేదు" అనే ఒక్క ముక్క జవాబుతో ఈ పిల్లలు ఊరుకోరు.

#2 ఎంవీపీ_పాఠకురాలు

వందనాలు బ్రదర్. మీ రెండో ప్రశ్న ముందు తేలిస్తే మొదటిది సగం తేలిపోతుంది.

రోమా 5:13 చూడండి: "ధర్మశాస్త్రము వచ్చినదనుక పాపము లోకములో ఉండెను గాని ధర్మశాస్త్రము లేనప్పుడు పాపము ఆరోపింపబడదు." పౌలు ఇక్కడ పాపం ఉండటాన్నీ, అది రాతపూర్వకమైన ఆజ్ఞ కింద నేరంగా లెక్కకు రావడాన్నీ విడదీస్తున్నాడు. ఆదాముకు నోటితో చెప్పిన ఆజ్ఞ ఒకటి ఉంది, దాన్ని మీరాడు. మోషే నుంచి పలకల మీద ఆజ్ఞలున్నాయి. మధ్యలోవాళ్లకు అలాంటి ఆజ్ఞ లేదు. అయినా 5:14 ప్రకారం మరణం వాళ్లనూ ఏలింది. మరణం ఏలిందంటే పాపం ఉన్నట్టే. 4:15 కూడా ఇదే లెక్క: ధర్మశాస్త్రం లేనిచోట అతిక్రమం లేదన్నాడు. పాపం లేదని మాత్రం అనలేదు.

కయీను విషయంలో ఆదికాండము 4:7 చాలు. హత్యకు ముందే దేవుడు అతనితో పాపం వాకిట పొంచి ఉందని, దాన్ని ఏలాలని చెప్పాడు. నరహత్య చేయవద్దన్న ఆజ్ఞ రాయకముందే మనిషికి అది తెలుసు. ఆ తెలివి ఎక్కడిదో రోమా 2:14-15 చెబుతుంది. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల మీదే దాని సారం రాసి ఉంది, మనస్సాక్షి సాక్ష్యమిస్తోంది.

పాఠం చెప్పేటప్పుడు అధ్యాయాల వరుసలో వెళితే పిల్లలు 4, 5 అధ్యాయాల మధ్య దారి తప్పుతారు. ధర్మశాస్త్రం గురించి ఒక పూట విడిగా పెట్టుకుని 2:14-15, 5:12-14, 4:15, 3:20, 7:7-13, 8:3-4 ఈ వరుసలో చదివించండి. పాపం ముందే ఉంది, ఆజ్ఞ వచ్చి దానికి పేరు పెట్టింది, పేరు పెట్టాక అది రెచ్చిపోయింది, ధర్మశాస్త్రం చేయలేనిది దేవుడు కుమారుణ్ణి పంపి చేశాడు. ఈ కథనం ఆ వరుసలో దానంతటదే నిలబడుతుంది.

7:8 దగ్గర కాస్త ఆగండి. పాపం ఆజ్ఞను "హేతువు" చేసుకుని దురాశలన్నీ పుట్టించింది అంటాడు పౌలు. తప్పు ఆజ్ఞది కాదని 7:12లోనే తేల్చేశాడు, అది పరిశుద్ధమైనది, నీతిగలది, ఉత్తమమైనది. ఈ రెండు మాటలూ కలిపి చదవకపోతే "రూల్స్ పెట్టబట్టే తప్పులు చేస్తున్నాం" అనే వాదన పిల్లల చేతికి వస్తుంది.

#3 అల్లిపురం_ప్రశ్నోత్తరి

పైన అక్కగారు చెప్పినదానికి కొనసాగింపు.

6:14లో "లోనగువారు కారు" అన్నది ఏలుబడి మాట. అదే వచనం పూర్తిగా చదివితే "పాపము మీమీద ప్రభుత్వము చేయదు" అని ఉంది. ధర్మశాస్త్రం ఇక శిక్ష విధించి మనల్ని పట్టుకుని ఉంచే అధికారి కాదు. అంతేగాని దొంగతనం ఇప్పుడు తప్పు కాదని ఆ వచనం ఎక్కడా అనలేదు. అదే పత్రికలో 13:9 దగ్గర పౌలు వ్యభిచరించవద్దు, నరహత్య చేయవద్దు, దొంగిలవద్దు, ఆశింపవద్దు అని వరుసగా ఎత్తి చూపిస్తాడు, అదీ విశ్వాసులకే. కొట్టేసిన చట్టాన్ని ఎవరైనా అలా ఎత్తి చూపిస్తారా?

దీన్ని దిద్దుబాటు (పదహారో శతాబ్దపు ప్రొటెస్టంట్ ఉద్యమం) కాలంనాటి సంఘాలు "ధర్మశాస్త్రపు మూడు ఉపయోగాలు"గా నేర్పాయి. సమాజంలో చెడును అదుపు చేయడం, అద్దంలా పాపాన్ని చూపించి క్రీస్తు దగ్గరికి తోలడం, విశ్వాసికి నడిచే దారి చూపడం. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లకు ఒక చిక్కుంది. లూథరన్ల లెక్కలో అదుపు మొదటిది, అద్దం రెండోది. కాల్విన్ అద్దాన్ని మొదట, అదుపును రెండో చోట పెట్టాడు. మూడోది ఇద్దరికీ మూడోదే. అందుకే పుస్తకంలో "రెండవ ఉపయోగం" అని కనిపిస్తే ఎవరు రాశారో చూడకుండా పాఠంలోకి ఎత్తుకోవద్దు.

ఈ మూడోదాని మీదే లూథరన్లలో పెద్ద తగాదా నడిచింది. విశ్వాసికి ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదు, సువార్త చాలు అన్నాడు లూథర్ శిష్యుడు యోహాన్ అగ్రికోలా. లూథర్ 1537 నుంచి వరుస వాదోపవాదాలలో దాన్ని ఖండించాడు. 1577 నాటి లూథరన్ ఒప్పుకోలు పత్రం ఫార్ములా ఆఫ్ కాంకార్డ్ ఆరో అధికరణం ఈ మూడో ఉపయోగాన్నే స్థిరపరిచింది. మీ పిల్లలు అడిగింది దాదాపు ఐదు వందల ఏళ్ల నాటి ప్రశ్నే బ్రదర్, వాళ్లను కసురుకోవద్దు.

ఇంకో ఆచరణ విషయం. విశాఖలో యువత కూడికలకు బాప్టిస్టు, లూథరన్, ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబాల పిల్లలు కలిసి వస్తారు. పది ఆజ్ఞలకు అంకెలు చెప్పకండి, ఆజ్ఞను పూర్తిగా చదవండి. నిర్గమ 20:2-17లో అంకెలు లేవు. బాప్టిస్టులు, ఆంగ్లికన్లు విగ్రహాల ఆజ్ఞను రెండోదిగా లెక్కపెడతారు. కతోలికులు, లూథరన్లు దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపి, చివర ఆశింపవద్దన్నదాన్ని రెండుగా విడదీస్తారు. దాంతో "ఆరో ఆజ్ఞ" అంటే ఒకరికి నరహత్య, ఇంకొకరికి వ్యభిచారం. క్విజ్ పోటీలో ఇది గొడవ తెస్తుంది.

#4 రాస్‌హిల్_మెట్లు

కతోలిక బోధ కూడా ఇక్కడ ఉండాలనిపించి రాస్తున్నాను.

మేము పాపాన్ని నిర్వచించేటప్పుడు పది ఆజ్ఞల కన్నా వెనక్కి వెళతాం. శాశ్వత ధర్మానికి విరుద్ధమైన మాట, క్రియ, కోరిక పాపం అన్నాడు పునీత అగస్టీన్. పునీత థామస్ అక్వినాస్ ఆ మాట తీసుకుని ధర్మాన్ని నాలుగుగా వివరించాడు. సృష్టినంతటినీ నడిపించే దేవుని జ్ఞానమే శాశ్వత ధర్మం. దానిలో మనిషి బుద్ధికి అందేది సహజ ధర్మం. పాలకులు చేసేది మానవ చట్టం. ప్రకటన ద్వారా ఇచ్చినది దైవ ధర్మం, అందులో పాతది, కొత్తది. కయీను ప్రశ్నకు ఇక్కడ జవాబు సూటిగా వస్తుంది: అతను సహజ ధర్మాన్ని మీరాడు.

కొత్త ధర్మం అంటే ప్రధానంగా కొత్త ఆజ్ఞల పట్టిక కాదు, విశ్వాసుల హృదయంలో పవిత్రాత్మ కృప అంటాడు థామస్. 6:14 మీద కూడా మా అవగాహన ఇదే.

పాపం ఎంత బరువైనదో తేల్చడానికి సత్యోపదేశ గ్రంథం (కతోలిక సంఘపు అధికారిక బోధ గ్రంథం) 1857వ పేరా మూడు షరతులు చెబుతుంది. విషయం గంభీరమైనదై ఉండాలి, అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసి ఉండాలి. మూడూ కలిస్తేనే చావైన (ఆత్మకు చావు తెచ్చే) పాపం. ఒక్కటి తగ్గినా అది అల్ప పాపం అవుతుంది. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లేవాళ్లు మొదటి షరతు ఒక్కటే చూసుకుని కుమిలిపోవడం, లేదా "తెలియక చేశాను" అన్న సాకుతో రెండోదాన్ని వాడుకోవడం తరచూ జరుగుతుంది. తెలుసుకోవడానికి ఇష్టపడక తెచ్చుకున్న అజ్ఞానం బరువు తగ్గించదు.

#5 అల్లిపురం_ప్రశ్నోత్తరి

మంచి వివరణ అండి. మనకు తేడా వచ్చేచోటు కూడా దాచకుండా చెప్పాలి. మనసులో పుట్టి, ఇంకా ఒప్పుకోని దురాశ పాపమా కాదా? 1546లో కతోలికుల ట్రెంట్ మహాసభ బాప్తిస్మం తర్వాత మిగిలే ఆ దురాశ, అంటే పాపం వైపు వాలు, అసలైన అర్థంలో పాపం కాదని, పాపం నుంచి పుట్టి పాపానికి లాగేది గనుకే పౌలు దాన్ని పాపమన్నాడని చెప్పింది. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు రెండో అధికరణం పుట్టుకతో వచ్చే ఆ వ్యాధి నిజంగా పాపమేనంటుంది. "ఆశింపవద్దు" అన్న ఆజ్ఞ ఒప్పుకోలు దాకా ఆగకుండా ఆశనే పట్టుకుంటోంది కదా అని మా వాదన. ప్రెస్బిటేరియన్ల బోధ పుస్తకం వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరి 14వ ప్రశ్న కూడా అతిక్రమించడాన్నే కాదు, దేవుని ధర్మానికి సరిపడకపోవడాన్ని కూడా పాపం కిందే లెక్కగట్టింది.

#6 రాస్‌హిల్_మెట్లు

సరిగ్గా చెప్పారు, తేడా అక్కడే ఉంది. యాకోబు 1:14-15 మా వైపు వాదనకు ఆధారం: దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, అంటే దురాశ వేరు, పాపం వేరు. పిల్లలకు రెండు వచనాలూ చూపించండి. ఏ వైపు తీసుకున్నా మనసులో తలంపు మెదిలిన ప్రతిసారీ "నాకు రక్షణ పోయింది" అనుకునే పిల్లవాడికి మనిద్దరి జవాబూ ఒకటే: పోలేదు.

#7 భీమిలి_తీరం

అన్నలకు వందనాలు. నాకు ఒక అభ్యంతరం ఉంది. ఈ చర్చలో ఇంకా ఎవరూ అనలేదు గాని, తర్వాతి మెట్టుగా అందరూ అనేది ఒకటుంది: "నైతిక ధర్మం నిలిచింది, ఆచార ధర్మం, పౌర ధర్మం పోయాయి." ఈ విభజన అక్వినాస్ దగ్గరా ఉంది, వెస్ట్‌మినిస్టర్ విశ్వాసప్రమాణం 19వ అధ్యాయంలోనూ ఉంది. చెప్పుకోవడానికి సుళువే, కానీ వాక్యం ఆజ్ఞలకు అలా ముద్రలు వేసి ఇవ్వలేదు. లేవీయకాండము 19 తెరవండి. 18వ వచనం నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను. 19వ వచనం రెండు రకాల నూలుతో నేసిన బట్ట వేసుకోవద్దు. 28వ వచనం పచ్చబొట్టు. ఏది ఏ అరలోకి పోతుందో మనం తేల్చి, తర్వాత ఆ తీర్పును వాక్యానికి అంటగడుతున్నాం. ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ తప్పినవాడు అన్నిటిలో అపరాధి అన్నాడు యాకోబు (2:10). ముక్కలు చేయడానికి కుదరని మొత్తం అది.

నా పద్ధతి ఇది. మోషే నిబంధన మొత్తం క్రీస్తులో నెరవేరింది (మత్తయి 5:17). మన మీద ఉన్నది క్రీస్తు నియమం (గలతీ 6:2, 1 కొరింథీ 9:21). పాత ఆజ్ఞ ఏదైనా ప్రభువు గాని అపొస్తలులు గాని సంఘానికి మళ్లీ ఇచ్చారా అని చూస్తాను. పదింటిలో తొమ్మిది అలా వచ్చాయి. విశ్రాంతిదినం ఒక్కటే ఆజ్ఞగా రాలేదు, కొలస్సీ 2:16-17 దాన్ని నీడ అంది.

#8 అల్లిపురం_ప్రశ్నోత్తరి

బ్రదర్, ముద్రలు లేవన్నది నిజమే. కానీ హోషేయ 6:6, మీకా 6:6-8 బలికీ కనికరానికీ, న్యాయానికీ మధ్య తూకం వేశాయి. మత్తయి 23:23లో ప్రభువే పుదీనా, సోపు, జీలకర్రలో దశమభాగం ఒకవైపు, న్యాయం, కనికరం, విశ్వాసం ఒకవైపు పెట్టి వీటిని ప్రధానమైనవి అన్నాడు. అరలు కాకపోయినా తరతమ భేదం వాక్యంలోనే ఉంది. మీ పద్ధతికి నా ప్రశ్న ఒక్కటే. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు (లేవీ 19:14) అన్నది కొత్త నిబంధన ఆ మాటలతో మళ్లీ ఇవ్వలేదు. అది పోయిందా?

#9 భీమిలి_తీరం

పోలేదు, ప్రేమ ఆజ్ఞలోకి వచ్చేసింది. రోమా 13:9 "మరి ఏ ఆజ్ఞయైన ఉన్న యెడల" అని దాన్నీ కలుపుకుంది. ఇలా చూస్తే ఇద్దరం దాదాపు ఒకే చోటికి వస్తున్నాం, ఒక్క ఆదివారం (విశ్రాంతిదినం) విషయంలో తప్ప.

#10 ఎంవీపీ_పాఠకురాలు

మీ వాదన చదువుతుంటే లేవీయకాండం గురించి ఒక్కటి చెప్పాలనిపించింది. ధర్మశాస్త్రం అంటే "తప్పు చేస్తే రాళ్లతో కొట్టడం" అనే బొమ్మ మన సంఘాల్లో ఉంది. 4, 5 అధ్యాయాలు నిదానంగా చదివితే ఆ బొమ్మ చెరిగిపోతుంది.

పొరపాటున చేసిన పాపానికి అభిషిక్త యాజకుడు కోడెను తేవాలి. సమాజమంతా కలిసి చేసినా కోడెనే. అధికారి మగమేకను, సామాన్యుడు ఆడుమేకను గాని ఆడు గొర్రెపిల్లను గాని. అంత స్తోమత లేకపోతే రెండు తెల్లగువ్వలు లేదా రెండు పావురపు పిల్లలు. అదీ లేకపోతే ఏఫాలో పదో వంతు గోధుమపిండి, నూనె, సాంబ్రాణి లేకుండా (5:11). నేటి కొలతలో సుమారు రెండు లీటర్ల పిండి. పాపానికి పరిహారం దొరకనంత పేదవాడు ఎవడూ ఉండకూడదని ధర్మశాస్త్రమే ఏర్పాటు చేసింది.

రక్తం ఎక్కడికి పోతుందో కూడా చూడండి. సామాన్యుడి బలి రక్తం బయట దహనబలిపీఠం కొమ్ములకు రాస్తారు. యాజకుడిది, సమాజానిది అయితే గుడారం లోపలికి తీసుకెళ్లి అడ్డతెర ఎదుట ఏడుసార్లు ప్రోక్షిస్తారు. నాయకుడి పాపం పరిశుద్ధస్థలం లోపలి దాకా మైల తెస్తుంది. సంఘ పెద్దలకు బోధించేటప్పుడు ఈ ఒక్క వివరం చాలు.

మరి చేయి పైకెత్తి, తెలిసి ధిక్కరించినవాడి సంగతి? సంఖ్యా 15:30-31 వాడికి బలి చెప్పలేదు, జనుల్లోనుంచి కొట్టివేయమంది. అందుకే దావీదు వ్యభిచారం, హత్య తర్వాత కీర్తన 51:16లో "నీవు బలిని కోరువాడవు కావు కోరినయెడల నేను అర్పించుదును" అన్నాడు. తన పాపానికి లేవీయకాండంలో బలి లేదని అతనికి తెలుసు, నేరుగా దేవుని కనికరం మీద పడ్డాడు. ధర్మశాస్త్రం తన హద్దు తానే గీసి చూపించింది. అపొ. కార్యములు 13:39లో మోషే ధర్మశాస్త్రం వల్ల ఏ విషయాల్లో నీతిమంతులుగా తీర్చబడలేకపోయారో ఆ విషయాలన్నిటిలో అని పౌలు అన్నప్పుడు, నా దృష్టిలో అతని మనసులో ఉన్నది ఈ హద్దే.

#11 పెదగంట్యాడ_షిఫ్టు

బాగా నడుస్తోంది చర్చ. రెండు సంగతులు తేల్చండి. స్టీలు ప్లాంటులో ఆదివారం ఉదయం షిఫ్టు (ఎ-షిఫ్టు) పడితే ఆరాధన పోతుంది. దసరాకు డిపార్ట్‌మెంటులో ఆయుధపూజ చేసి ప్రసాదం పంచుతారు. ఇవి పాపం అవుతాయా? ఒక్కో అయ్యగారు ఒక్కోలా చెబుతున్నారు.

#12 అల్లిపురం_ప్రశ్నోత్తరి

డ్యూటీ విషయంలో కఠినమైన సంప్రదాయాలు కూడా దారి వదిలాయి. వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరి (1647) 60వ ప్రశ్న అవసరమైన పనులను, కనికరపు పనులను మినహాయించింది. ప్రభువే దేవాలయంలో యాజకులు విశ్రాంతిదినాన పనిచేసి నిర్దోషులయ్యారన్నాడు (మత్తయి 12:5). కోక్ ఓవెన్ బ్యాటరీని (బొగ్గును కోక్‌గా మార్చే కొలిముల వరుసను) శనివారం రాత్రి చల్లార్చి సోమవారం వెలిగించడం కుదరదు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగుళ్లిస్తాయి. ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం లాగే అదీ ఆగని పని. ఓవర్‌టైమ్ డబ్బుల కోసం కోరి ప్రతి ఆదివారం వేయించుకోవడం మాత్రం వేరే సంగతి. అక్కడ చూడాల్సింది మనసు.

#13 రాస్‌హిల్_మెట్లు

మాకూ అంతే, సత్యోపదేశ గ్రంథం 2185వ పేరా కుటుంబ అవసరాన్నీ, సమాజానికి ముఖ్యమైన సేవనూ న్యాయమైన కారణాలుగా ఒప్పుకుంది. శనివారం సాయంత్రం గుడిలో దివ్యపూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరుతుంది.

#14 భీమిలి_తీరం

ప్రసాదం గురించి 1 కొరింథీ 8 నుంచి 10 దాకా ఏకబిగిన చదవాలి. ఒక్క వచనం పీక్కుంటే ఏ జవాబు కావాలంటే ఆ జవాబు వస్తుంది, అయ్యగార్ల మధ్య తేడా వస్తున్నదీ ఇక్కడే.

పౌలు మూడు సందర్భాలు విడదీశాడు. పూజలో భాగంగా ఆ బల్ల దగ్గర కూర్చోవడం: కూడదు (10:20-21). కటికవాని అంగడిలో అమ్మేది: విచారణ చేయక తినవచ్చు (10:25). అవిశ్వాసి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు: వడ్డించింది తినవచ్చు, కానీ ఎవరైనా "ఇది బలి అర్పింపబడినది" అని చెబితే చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోవాలి (10:27-28).

ఆయుధపూజకు దీన్ని అన్వయిస్తే, హారతి తీసుకోవడం, కొబ్బరికాయ కొట్టడం మొదటి సందర్భం. విశ్వాసి వినయంగా తప్పుకోవాలి. మర్నాడు క్యాంటీన్లో మామూలుగా పెట్టిన స్వీటు రెండోదానికి దగ్గర. ప్రసాదమని చెప్పి చేతికిస్తే మూడోది, చేతులు జోడించి "క్షమించాలండి, నేను తీసుకోను" అంటే సరిపోతుంది. ముఖం చిట్లించడం, చెత్తబుట్టలో పడేయడం ప్రేమ ఆజ్ఞనే మీరడం, అదే అసలు పాపం. సందేహంతో తింటే మాత్రం తిండి వల్ల కాకపోయినా తప్పే. "విశ్వాసమూలము కానిది ఏదో అది పాపము" (రోమా 14:23).

#15 గాజువాక_సండేస్కూల్

అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒక్కటి. కృప వచ్చింది గనుక క్షమాపణ అడిగితే చాలా, ఎగ్గొట్టిన డబ్బు తిరిగి కట్టాలా అని ఒక తమ్ముడు అడిగాడు.

#16 ఎంవీపీ_పాఠకురాలు

కట్టాలి. లేవీ 6:1-7 వరుస స్పష్టంగా ఉంది. దాచమని ఇచ్చిన సొమ్ము, తాకట్టు, దోపిడీ, దొరికిన వస్తువు మీద అబద్ధం, ఇవన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. అసలు మొత్తానికి అయిదో వంతు కలిపి ముందు సొంతదారుడికి ఇవ్వాలి, తర్వాత పొట్టేలుతో బలిపీఠం దగ్గరికి రావాలి. 10,000 ఎగ్గొడితే 12,000. మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పిన క్రమమూ ఇదే, అర్పణ అక్కడే వదిలి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్లమన్నాడు.

పట్టుబడిన దొంగకు లెక్క వేరు. ఎద్దును అమ్మేసినా చంపేసినా ఐదు ఎడ్లు, గొర్రెకు నాలుగు (నిర్గమ 22:1), ప్రాణంతో దొరికితే రెండింతలు (22:4). తనంతట ఒప్పుకున్నవాడికి అయిదో వంతే అదనం. జక్కయ్య తనంతట ఒప్పుకుని కూడా నాలుగంతలు ఎంచుకున్నాడు (లూకా 19:8). కృప అతని లెక్కను తగ్గించలేదు, పెంచింది.

#17 పెదగంట్యాడ_షిఫ్టు

సొమ్ము తీసుకున్న మనిషి చనిపోతేనో, ఎక్కడున్నాడో తెలియకపోతేనో?

#18 రాస్‌హిల్_మెట్లు

సంఖ్యా 5:8 చూడండి. దగ్గరి బంధువుకు ఇవ్వాలి, బంధువూ లేకపోతే అది యెహోవాది, యాజకుడికి చెందుతుంది. అక్వినాస్ కూడా చనిపోతే వారసుడికి, మనిషి ఎవరో తెలియకపోతే అతని మేలు కోరి బీదలకు దానంగా ఇవ్వమన్నాడు. దానం చేసే ముందు నిజంగా వెతకాలి. పాత అడ్రసు, కలిసి పనిచేసినవాళ్లు, బ్యాంకు రశీదులు, ఇవన్నీ చూశాకే ఆ దారి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల్లో కట్టవచ్చు, కాకపోతే తేదీలు రాసుకుని మొదటి వాయిదా ఈ నెలలోనే ఇవ్వమని తమ్ముడికి చెప్పండి.